హీత్రూ టెర్మినల్ 5: ఫ్లైట్‌కి ముందు పబ్‌లో కూర్చుని తినాలంటే టైమ్ ఎలా లెక్కేసుకోవాలి, ఏం ఆర్డర్ చేయాలి?

ఇందూరు_కుర్రోడు:
అమెరికా నుంచి వస్తూ లండన్ హీత్రూ టెర్మినల్ 5లో దిగుతాం. హైదరాబాద్ ఫ్లైట్ కూడా అదే టెర్మినల్ నుంచే. మధ్యలో మూడున్నర గంటల టైమ్ ఉంది. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. నాన్న చికెన్, చేప తింటారు, బీఫ్, పోర్క్ వద్దు. ఒక బీరుకి మాత్రం కాదనరు. నిలబడి శాండ్‌విచ్ తినే బదులు పబ్‌లో కూర్చోబెట్టి తినిపిద్దామని ఉంది. ఆర్డర్ పద్ధతి ఏంటి? ఎన్నింటికల్లా లేవాలి?

గేట్_క్లోజ్డ్:
టైమ్ వెనక నుంచి లెక్కేయండి. ఫ్లైట్ ఒంటిగంటకి అనుకుందాం. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్లు 20 నిమిషాల ముందే గేటు మూసేస్తారు, అంటే 12:40. టెర్మినల్ 5లో ఎ, బి, సి అని మూడు భవనాలు. తినే చోట్లు ఎక్కువగా ఎ లో, పెద్ద విమానాల గేట్లు ఎక్కువగా బి, సి ల్లో. ఎస్కలేటర్లు దిగి, భూగర్భ రైలెక్కి, మళ్లీ పైకొచ్చి నడవాలి. దానికి 20 నిమిషాలు, పెద్దవాళ్లతో అయితే 30 పెట్టుకోండి. బోర్డింగ్ లైను కూడా కలిపితే 11:45కి కుర్చీలోంచి లేవాలి. కనీసం 10:50కల్లా ఆర్డర్ పడాలి. మైకులో పిలుస్తారులే అని కూర్చుంటే అంతే సంగతులు. గేటు నంబర్ స్క్రీన్ మీదే వస్తుంది, అది కనబడే టేబుల్ చూసుకోండి. బోర్డింగ్ ఇంకా మొదలవకపోయినా, బి, సి కి వెళ్లాక తిండి కోసం మళ్లీ ఎ కి రావచ్చని మాత్రం అనుకోకండి.

మూడున్నర గంటలూ మీ చేతిలో ఉండవు. విమానం దిగి, ట్రాన్స్‌ఫర్ సెక్యూరిటీ దాటేసరికే గంట పోవచ్చు.

ఆర్డర్ రెండు రకాలు. గుమ్మం దగ్గర 'ప్లీజ్ వెయిట్ టు బి సీటెడ్' బోర్డు ఉంటే అక్కడే ఆగండి, వాళ్లే కూర్చోబెట్టి ఆర్డర్ తీసుకుంటారు. ఇలాంటి చోట బిల్లులో సుమారు 12.5% సర్వీస్ ఛార్జ్ కలపొచ్చు, వద్దంటే తీసేస్తారు. ప్లేటు రాగానే బిల్లు కూడా అడిగేయండి. తిన్నాక అడిగితే మనిషి దొరకడానికే పది నిమిషాలు. బోర్డు లేకపోతే మీరే టేబుల్ పట్టి, దాని నంబర్ గుర్తుపెట్టుకుని, బార్ దగ్గర చెప్పి ముందే డబ్బు కట్టాలి. కూర్చుని ఎదురు చూస్తే ఎవరూ రారు. వెదర్‌స్పూన్ లాంటి పబ్ చైన్లలో యాప్‌లో టేబుల్ నంబర్ కొట్టి కూడా ఆర్డర్ పెట్టొచ్చు.

పప్పుచారు:
అమ్మగారికి 'వెజిటేరియన్' గుర్తు చాలదండి. అక్కడ ఆ గుర్తులో గుడ్డు కలిసిపోతుంది. బన్ను మీద పూత, మయోనైజ్, వెజ్ బర్గర్ టిక్కీ, అన్నింట్లోనూ గుడ్డు ఉండే వీలుంది. 'వీగన్' గుర్తున్నవే వెతకండి. అందులో పాలు, వెన్న కూడా ఉండవు, నష్టం లేదు. ఇక చిప్స్, అంటే అక్కడ వేడివేడిగా వేయించిన బంగాళాదుంప ముక్కలు. చేప వేయించిన నూనెలోనే వేయిస్తారా అని అడగాల్సిందే, గుర్తు పదార్థాలకే గానీ నూనె మూకుడుకి కాదు. సురక్షితంగా పోవాలంటే జాకెట్ పొటాటో విత్ బేక్డ్ బీన్స్. పొట్టుతో కాల్చిన పెద్ద బంగాళాదుంప, మీద టమాటా సాస్‌లో బీన్స్.

నాన్నగారికి 'పై' (pie, మాంసం పెట్టి కాల్చే వంటకం) అనేవాటి జోలికి పోకండి. స్టేక్ అండ్ ఏల్ పై, కాటేజ్ పై రెండూ బీఫే. షెపర్డ్స్ పై గొర్రెమాంసం. సాసేజ్ అంటే మామూలుగా పోర్క్. గ్రేవీ కూడా బీఫ్‌దే అవ్వొచ్చు. ఫిష్ అండ్ చిప్స్ చెప్పండి, కానీ నూనెలో వేయిస్తారా, బీఫ్ కొవ్వులోనా అని ముందు అడగండి. పొద్దున్నే వెళ్తే ఇవేవీ ఉండకపోవచ్చు, బ్రేక్‌ఫాస్ట్ మెనూనే నడుస్తుంటుంది. అప్పుడు ఫుల్ ఇంగ్లిష్ అనే బ్రేక్‌ఫాస్ట్ ప్లేటు అడగకండి, బేకన్ (పంది మాంసం) ఉంటుంది, బ్లాక్ పుడింగ్ అయితే పంది రక్తంతో చేసింది.

హాఫ్_పైంట్:
పైంట్ అంటే 568 మి.లీ., మన 650 బాటిల్ కంటే కాస్త తక్కువ. నాన్నగారికి హాఫ్ చాలు. సెక్యూరిటీ దాటాక ఉన్న పబ్బులకి మామూలు లైసెన్స్ టైములు వర్తించవు, పొద్దున ఆరింటికీ పోస్తారు. విస్కీ అయితే 25 లేదా 35 మి.లీ. కొలత, మన 30 కాదు. పైన క్యాబిన్ ఒత్తిడి తగ్గి కడుపులో గాలి మూడో వంతు దాకా ఉబ్బుతుంది కాబట్టి ఆ బీన్స్, బీరు రెండూ కలిపి ఎక్కువ లాగించొద్దు.

మీ కార్డు ఇండియాదైతే విదేశీ వాడకం యాప్‌లో ఆన్ చేసుకోండి. మెషిన్‌లో రూపాయలా, పౌండ్లా అని అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలంటే మార్పిడి రేటు వాళ్లిష్టం.

ఇందూరు_కుర్రోడు:
పొటాటో మీద చీజ్ వేయించొచ్చా? రెనెట్ (పాలు విరగడానికి వాడే, దూడ కడుపు నుంచి తీసే పదార్థం) భయం.

పప్పుచారు:
చెడ్డార్‌కి వెజిటేరియన్ గుర్తుంటే వేయించండి, దూడ రెనెట్ వాడరు. పర్మెసాన్ మాత్రం వద్దు. బీన్స్ తియ్యగా ఉంటాయి, చిల్లీ సాస్ అడిగి పెట్టుకోండి. బ్యాగులోంచి కారప్పొడి తీసినా ఎవరూ పట్టించుకోరులెండి.