పీసీ-ఇ500 సీరియల్ లోడ్: వేగం తగ్గించాలా, హ్యాండ్‌షేక్ తీగలు (ఆగు, పంపు అని చెప్పేవి) కలపాలా?

పాకెట్‌బేసిక్: షార్ప్ పీసీ-ఇ500 అనే పాకెట్ కంప్యూటర్‌లోకి ల్యాప్‌టాప్ నుంచి సీరియల్ తీగలతో బేసిక్ ప్రోగ్రామ్ పంపుతున్నాను. పోర్టు తెరిచే ఓపెన్ కమాండ్‌లో వేగం 9600 (సెకనుకు బిట్లు), పారిటీ (తప్పు పట్టే బిట్) వద్దు, 8 బిట్లు, 1 స్టాప్ బిట్ (అక్షరం ముగింపు గుర్తు) అని పెట్టి లోడ్ కొడితే మొదటి లైన్లు బాగానే వస్తాయి, తర్వాత మధ్యలో అక్షరాలు ఎగిరిపోతున్నాయి. కలిపింది పంపే తీగ, తీసుకునే తీగ, గ్రౌండ్ మాత్రమే. హ్యాండ్‌షేక్ చేసే కంట్రోల్ పిన్నులను ఎప్పుడూ "సిద్ధం" అన్నట్టు పాకెట్ వైపే హైలో కట్టేశాను. 1200కి దించితే చాలంటున్నారు కొందరు. నిజమేనా?

నిదానం1200: దించండి, చాలు. అక్షరానికి 10 బిట్లు అనుకుంటే 1200 దగ్గర సెకనుకు 120 అక్షరాలు. 3000 అక్షరాల ప్రోగ్రామ్ 25 సెకన్లలో వచ్చేస్తుంది. దానికోసం పాకెట్‌కున్న ఆ సన్నని 15 పిన్నుల కనెక్టర్ దగ్గర మళ్లీ సోల్డరింగ్ ఎందుకు? ఇంకా అనుమానముంటే టెరా టర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో లైనుకింత ఆలస్యం పెట్టుకోవచ్చు.

తీగలమనిషి: నేను ఒప్పుకోను. ఇక్కడ తప్పు వేగానిది కాదు. లైను పూర్తిగా అందగానే లోడ్ దాన్ని ఆస్కీ నుంచి లోపలి కోడ్‌లోకి మార్చి మెమరీలో సర్దుకోవాలి. ఆ పనిలో ఉన్నప్పుడు "కాస్త ఆగు" అని ల్యాప్‌టాప్‌కి చెప్పే దారి మీరు తీసేశారు. వేగం తగ్గిస్తే నష్టం తగ్గవచ్చు, కానీ పొడవాటి లైను వచ్చినప్పుడు ఏమవుతుందో ఎవరు హామీ ఇస్తారు? ఒక్క కామా పోయినా ప్రోగ్రామ్ మొత్తం వెతుక్కోవాలి.

ఎక్స్-ఆన్, ఎక్స్-ఆఫ్ (పంపు, ఆగు అనే కోడ్‌లను డేటా తీగ మీదే పంపడం) కూడా ఉంది, ఓపెన్‌లోనే అడగవచ్చు. అయితే ఆగమనే కోడ్ ల్యాప్‌టాప్‌కి చేరేలోపు యూఎస్‌బీ అడాప్టర్ బఫర్‌లో ఉన్నవి బయటికి వచ్చేసే ప్రమాదముంది. ఆర్‌టీఎస్, సీటీఎస్ అనే హ్యాండ్‌షేక్ తీగలైతే యూఎస్‌బీ అడాప్టర్‌లోని ఎఫ్‌టీ232ఆర్ లాంటి చిప్ తనే ఆపుతుంది. నా ఓటు వాటికే.

ఇంకో ముఖ్యమైన మాట. పాకెట్ సిగ్నళ్లు 5 వోల్టులవి. పాత కంప్యూటర్ ఆర్ఎస్-232 సీరియల్ పోర్టుకి నేరుగా తగిలించకండి, దాని వోల్టేజీలు వేరు. షార్ప్ సీఈ-130టీ అనే లెవెల్ కన్వర్టర్ (వోల్టేజీ మార్చే పరికరం) అమ్మింది అందుకే. మామూలు టీటీఎల్ (తక్కువ వోల్టేజీ) యూఎస్‌బీ అడాప్టర్‌కి పోలారిటీ, అంటే హై, లోల అర్థం, పాకెట్‌తో పోలిస్తే తిరగబడి ఉంటుంది, ఎఫ్‌టీ232ఆర్ సెట్టింగ్స్‌లో సిగ్నళ్లను తిప్పుకోవచ్చు.

నిదానం1200: ప్రోగ్రామ్ లోడ్ వరకు మీ మాట సరే. కానీ అవతల ఉన్నది ఎలక్ట్రానిక్ తూకం అనుకోండి. చాలావాటికి సీటీఎస్ పట్టదు, తూకం రాగానే పంపేస్తాయి. ఇన్‌పుట్ కమాండ్‌తో చదివేటప్పుడు వేగం తగ్గించడం తప్ప దారేముంది?

తీగలమనిషి: అక్కడ మీరన్నదే చేయాలి. పాకెట్‌బేసిక్ గారి అవతల ఉన్నది ల్యాప్‌టాప్, అది ఆగమంటే ఆగుతుంది. ఉన్న సౌకర్యం వదులుకోవడం నాకు నచ్చదు.

పాకెట్‌బేసిక్: తీగలు కలుపుతాను. ఒక సందేహం, అన్ని లైన్లూ వచ్చినా లోడ్ ఆగకుండా ఎదురుచూస్తోంది.

తీగలమనిషి: ఫైలు చివర 26వ కోడ్ ఉందా? ఓపెన్‌లో ముగింపు గుర్తుగా హెక్స్ 1ఏ ఇస్తాం కదా, అది అదే. ఆ అక్షరం అందితేనే లోడ్ పూర్తవుతుంది. ఎడిటర్‌లో దాన్ని చేర్చి పంపండి.