తేనెపెట్టెలో వరోవాకు వేటనల్లులు: పనికొస్తాయా, డబ్బు దండగా?

మధురవాడ తేనె: నా దగ్గర 12 ఇటాలియన్ ఈగల పెట్టెలున్నాయి. నవంబరులో వలిసె పూలకి అరకు తోలుకెళ్లాలి. మొన్న ఒక పెట్టె గుమ్మం ముందు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పాకుతున్నాయి. ఈగల్ని పీల్చే వరోవా నల్లే. తేనెలో మందు కలవకూడదని వేరే నల్లుల్ని తినే వేటనల్లులు తెప్పిద్దామనుకుంటున్నా. ఎవరైనా వాడారా?

పెందుర్తి రైతు: వేయండి. మా పాలీహౌస్‌లో స్ట్రాటియోలేలాప్స్ అనే వేటనల్లిని వేస్తే మట్టిలో పురుగు పిల్లల్ని శుభ్రంగా తినేసింది.

పాత పెట్టె: మట్టిలో తింటుంది, అది మట్టి జీవి కాబట్టి. వరోవా ఉండేది ఈగ పొట్ట కింద పొరల మధ్య. పిల్లలు పెట్టేది మైనం మూత పడ్డ అరలో. అక్కడికి ఈ వేటనల్లి దూరలేదు. ఫ్రేముల మీద చల్లితే అడుగు పలక మీదకి దిగి, కిందపడ్డ నల్లుల్ని తింటుంది. గాజు గిన్నెలో రెండిటినీ పెడితే తింటుంది లెండి. అమ్మేవాళ్లు చూపించేది అదే.

పెందుర్తి రైతు: మరి పురుగుల్ని చంపే మెటారైజియం బూజు? పొలాల్లో వాడుతున్నాంగా.

పాత పెట్టె: అందులో విషయముంది. కానీ పిల్లలుండే చోట వేడి 35 డిగ్రీలు, మామూలు బూజు డీలా పడుతుంది. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు వేడి తట్టుకునే రకాన్ని తయారుచేసి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఎరువుల షాపులో దొరికేది అది కాదు.

అనంతగిరి నాటు ఈగ: ఏటండీ ఈ గొడవ! వరోవా మొదట మా నాటు ఈగ మీదదే. ఇవి దులిపేసుకుంటాయి. నల్లి పెరిగేది దాదాపు పోతుటీగల అరల్లోనే.

పాత పెట్టె: ఒప్పుకుంటా. తేనె తక్కువ, కోపమొస్తే చెప్పాపెట్టకుండా ఎగిరిపోతాయి, అదీ చెప్పండి. మధురవాడ గారూ, ముందు లెక్క చూడండి. అరకప్పు ఈగలు, అంటే సుమారు 300, జాలీ మూత సీసాలో వేసి, పంచదార పొడి చల్లి, దొర్లించి, తెల్ల పళ్లెంలోకి దులపండి. రాణి అందులో పడకుండా చూసుకోండి.

మధురవాడ తేనె: 14 రాలాయి. పోతుటీగల పట్టు కోసి చూశా. పాలలాంటి పిల్ల మీద ఎర్రటి నల్లులు, ఒక్క అరలోనే నాలుగు. ఒళ్లు జలదరించింది.

పాత పెట్టె: నూటికి దాదాపు ఐదు. ఎక్కువే. ఆ పట్టు మూత పడ్డాక తీసేస్తూ ఉండండి. గుడ్డు పెట్టిన 24వ రోజుకి పోతుటీగ బయటికొస్తుంది. ఆలోపు తీయకపోతే మనమే నల్లిని పెంచినట్టు.

పెందుర్తి రైతు: నేను మాత్రం మా తోటలో ఒక పెట్టెలో వేటనల్లులు వేసి చూస్తా. లెక్క ఇక్కడే పెడతా.

పాత పెట్టె: పోలిక కోసం పక్క పెట్టెలో వేయకండి. దాని లెక్కా పెట్టండి.