పార్క్ కౌంటీ కప్పు వంతెనలు: పెద్దవాళ్లతో ఒక్క రోజులో ఏవి చూడవచ్చు?

ప్రశ్న: కార్మెల్ వాసి

అందరికీ నమస్కారం. మేము అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఇండియానాపొలిస్ పక్కన కార్మెల్‌లో ఉంటాము. కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు అక్టోబరు నెలాఖరు వరకు మా దగ్గరే ఉంటారు. నాన్నగారు రోడ్లు, భవనాల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఇదే రాష్ట్రంలోని పార్క్ కౌంటీలో కప్పు వేసిన పాతకాలపు చెక్క వంతెనలు 31 నిలిచి ఉన్నాయని చదివినప్పటి నుంచి వాటిని చూపించమని అడుగుతున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నందువల్ల ఎక్కువ నడవలేదు. ఒక్క రోజులో వెళ్లి రావాలంటే ఏ వంతెనలు ఎంచుకోవాలి? అక్కడ ఏటా కప్పు వంతెనల ఉత్సవం జరిగే రోజుల్లో వెళ్లడం మంచిదేనా? వంతెనకు కప్పు వేసింది మంచు కోసమేనా అని మా అబ్బాయి అడుగుతున్నాడు.

జవాబు 1: టెర్రె హాట్ నుంచి

ఉత్సవం అక్టోబరు రెండో శుక్రవారం మొదలై పది రోజులు సాగుతుంది. 1957 నుంచి జరుగుతున్న ఈ సంబరంలో అంగళ్లు, తినుబండారాలు, జనం పుష్కలం. వంతెనను తీరిగ్గా చూసే అవకాశం మాత్రం ఉండదు. ఉత్సవం ముగిశాక, పని రోజున వెళ్లండి. కౌంటీ కేంద్రమైన రాక్‌విల్ వరకు 36వ నంబరు హైవే మీద నేరుగా వెళ్లిపోవచ్చు. అక్కడి పాత రైల్వే డిపోలోని సమాచార కేంద్రంలో, ఒక్కో దారికి ఒక్కో రంగు వేసిన పటం ఇస్తారు. పల్లెల్లో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేము కాబట్టి ఆ కాగితం దగ్గర ఉంచుకోండి.

నన్నడిగితే ముప్పై ఒకటీ లెక్కపెట్టుకుంటూ తిరగడం వృథా శ్రమ. షుగర్ క్రీక్ అనే ఒకే ఏటి మీద వెస్ట్ యూనియన్ (1876), జాక్సన్ (1861), కాక్స్ ఫోర్డ్ (1913), నారోస్ (1882) అనే నాలుగు వంతెనలున్నాయి, అవి చాలు. వీటిలో జాక్సన్, కాక్స్ ఫోర్డ్ వంతెనల లోపలి నుంచి కారు వెళ్తుంది, అమ్మగారు దిగనవసరం లేదు. టర్కీ రన్ స్టేట్ పార్కులో ఉన్న నారోస్ మీద నడిచే వెళ్లాలి. పార్కుకు ప్రవేశ రుసుము ఉంటుంది.

జవాబు 2: స్ట్రక్చరల్ ఇంజనీరు

బాబు ప్రశ్నకు జవాబు వాన. బరువంతా మోసే పక్క ట్రస్సుల (కర్రలను అతికి కూర్చిన చట్రాల) అతుకుల్లోకి నీరు దిగితే కర్ర కొద్ది ఏళ్లలోనే పుచ్చిపోతుంది. నడిచే పలకలు పాడైతే మార్చుకోవచ్చు గానీ, ట్రస్సు పోతే వంతెనే పోయినట్టు. అందుకే కప్పు, పక్కన పలకల గోడలు. మంచు సంగతి దీనికి తలకిందులు: అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చలికాలంలో స్లెడ్జి బళ్లు జారేందుకు బయటి మంచును తెచ్చి కప్పు కింద పరిచేవారు.

నాన్నగారికి ముఖ్యంగా చూపవలసింది బర్ ఆర్చ్. వంతెనల నిర్మాత థియోడర్ బర్ 1817లో పేటెంటు పొందిన ఈ పద్ధతిలో, నిట్టనిలువు స్తంభాలు, ఏటవాలు కర్రలతో కూర్చిన ట్రస్సుకు ఇరువైపులా పెద్ద కొయ్య తోరణాన్ని బిగిస్తారు. 207 అడుగుల దూరాన్ని నడుమ స్తంభమే లేకుండా దాటే జాక్సన్ వంతెన లోపల ఆ తోరణం ఏటి గట్టు దగ్గర ఎక్కడ మొదలై ఎలా వంగిందో చెయ్యి పెట్టి తడిమి చూడవచ్చు. ముఖద్వారాన్నీ గమనించమనండి: పైభాగం గుండ్రంగా ఉంటే దాదాపుగా జె.జె. డేనియల్స్ అనే నిర్మాత పని, మూలలు ఏటవాలుగా కోసి ఉంటే జె.ఎ. బ్రిటన్ అనే మరో నిర్మాత పని. పైన చెప్పిన నాలుగింటిలో మొదటి రెండూ డేనియల్స్‌వి, తర్వాతి రెండూ బ్రిటన్‌వి. కొన్ని ముఖద్వారాల మీద, గుర్రాలను పరుగెత్తించక నడిపించుకుంటూ దాటమనే హెచ్చరిక కూడా రాసి ఉంటుంది.

జవాబు 3: లఫాయెట్ నుంచి

పై జాబితాలో బ్రిడ్జ్‌టన్ ఊరి వంతెన లేకపోవడం నాకు నచ్చలేదు. అక్కడి 1868 నాటి వంతెన 2005 ఏప్రిల్‌లో ఎవరో నిప్పు పెట్టడంతో కాలిపోయిన మాట, ఇప్పుడున్నది 2006లో కట్టినదన్న మాట నిజమే. అయితే కొత్త కర్రతో పాత పద్ధతిలో కట్టినందున, ఇంజనీరుగా పనిచేసిన పెద్దాయనకు అతుకులు మరింత స్పష్టంగా కనిపిస్తాయి. పక్కనే ఉన్న పిండిమరలో రాతి తిరగలితో విసిరిన మొక్కజొన్న రవ్వ అమ్ముతారు. బ్రిడ్జ్‌టన్ రాక్‌విల్‌కు దక్షిణాన ఉంది కాబట్టి ఉదయం షుగర్ క్రీక్ వంతెనలు ముగించుకుని మధ్యాహ్నం అటు దిగండి. ఆ నెలలో పొద్దు త్వరగా వాలుతుంది, చీకటి పడితే కప్పు లోపల ఏమీ కనిపించదు.