వీధి దీపం స్తంభానికి ఈవీ ఛార్జర్: లైను తట్టుకుంటుందా?

కాలనీ కార్యదర్శి:
మాది హైదరాబాద్. కాలనీలో సగం ఇళ్లకు పార్కింగ్ లేదు, బళ్లూ కార్లూ వీధిలోనే. లండన్‌లో దీపస్తంభాలకే ఛార్జింగ్ సాకెట్లు ఉన్నాయట. మనకూ సోడియం దీపాలు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి కదా, తగ్గిన ఆ లోడు మీద నాలుగు స్తంభాలకు 3.3 కిలోవాట్ల ఛార్జర్లు నడుస్తాయా? స్తంభాలు సిమెంటువి, 8 మీటర్లవి.

ఎల్‌టీ లైన్లు:
లైటు తీగ మీద నడవవండీ. మన ఓవర్‌హెడ్ లైన్లో మూడు ఫేజులు, న్యూట్రల్ కాక దీపాలకు విడిగా ఒక తీగ ఉంటుంది. దాన్ని కంట్రోల్ బాక్సులోని టైమర్ సాయంత్రం కలిపి తెల్లారి తీసేస్తుంది. పగలు ఆ తీగలో కరెంటే ఉండదు.

మిగులు లెక్క కూడా చూడండి. 150 వాట్ల సోడియం దీపం తీసి 70 వాట్ల ఎల్‌ఈడీ పెడితే మిగిలేది 80 వాట్లు. ఇరవై దీపాలకు 1.6 కిలోవాట్లు, అంటే ఒక్క ఛార్జరుకు సగం. నాలుగూ ఒకేసారి లాగితే 57 ఆంపియర్లు. ఫ్యూజు కొట్టేస్తే అదృష్టం. దీపాలన్నిటినీ కలిపి తీసే కాంటాక్టరు స్విచ్చు కాలితే వీధంతా చీకటే.

లండన్‌వి లోపల బోలుగా ఉండే ఇనుప స్తంభాలు. అడుగున చిన్న తలుపు, భూమిలోంచి 24 గంటలూ కరెంటు ఉండే కేబుల్. దీపాన్ని వెలిగించి ఆర్పేది పైనున్న ఫొటోసెల్, అంటే వెలుతురును పసిగట్టే స్విచ్చు. ఆ తలుపు ఉన్నచోటే సాకెట్ ఇమిడ్చారు. వెస్ట్‌మినిస్టర్‌లో సదర్లాండ్ అవెన్యూలో 2020 నాటికి 24 స్తంభాలకు ఇలా పెట్టారు. అవి కూడా 5.5 కిలోవాట్లు మించవు, రాత్రంతా పెట్టి వదిలేసే రకం.

ప్యానెల్ వైరింగ్:
పైన చెప్పింది నిజం. స్తంభాన్ని ఆసరాకి వాడుకోండి, దీపం తీగ జోలికి పోకండి. సంఘం పేరున విడిగా ఈవీ సర్వీసు, మీటరు తీసుకోండి. ఛార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మకం కిందికి రాదని కేంద్రం 2018లోనే స్పష్టం చేసింది, లైసెన్సు అక్కర్లేదు. స్తంభం కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం)ది, దీపం కార్పొరేషన్‌ది. ఇద్దరి అనుమతీ రాతపూర్వకంగా ఉండాలి.

సిమెంటు స్తంభానికి డ్రిల్ వేయకండి. లోపల బిగించిన ఉక్కు తీగలు తెగితే స్తంభం బలం పోతుంది. జింకు పూత ఉన్న జీఐ క్లాంపులు వేసి, వాటికి దుమ్మూ వానా చొరబడని ఐపీ65 పెట్టె బిగించండి. ఎత్తు 1.2 మీటర్లు, వాన నీళ్లు నిలిచే వీధైతే ఇంకా పైకి.

ప్రతి పాయింటుకూ లోడు మించితే తెంచే 20 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఆర్‌సీసీబీలో టైప్ ఏసీ రకం వద్దు, టైప్ ఏ తీసుకోండి, ఛార్జర్లో 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ఉందో లేదో చూడండి. 30 మీటర్ల దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే 4 వోల్టులే తగ్గుతుంది. నాలుగు పాయింట్లనూ మూడు ఫేజులకు పంచండి.

కాలనీ కార్యదర్శి:
థాంక్సండీ. ఆర్‌సీసీబీ ఉన్నాక మళ్లీ ఎర్తింగ్‌కి విడిగా గొయ్యి (ఎర్త్ పిట్) ఎందుకు? ఎర్త్ తీగని న్యూట్రల్‌కి కలిపేస్తే చాలంటున్నాడు మా ఎలక్ట్రీషియన్.

ప్యానెల్ వైరింగ్:
ఆ పని మాత్రం చేయనివ్వకండి! లైన్లో న్యూట్రల్ తెగిందంటే పెట్టెకీ, ప్లగ్ పెట్టిన కారు బాడీకీ కరెంటు వస్తుంది. తడి నేల మీద నిలబడి డోరు పట్టుకున్నవాళ్లకి ప్రాణం మీదికొస్తుంది. కరెంటు ఎర్త్ తీగ గుండా ఎదురొస్తుంది కాబట్టి ఆర్‌సీసీబీ దాన్ని ఆపలేదు. విడిగా పిట్ తీయించి, మీటరుతో రెసిస్టెన్స్ కొలిపించండి. న్యూట్రల్ తెగినప్పుడు సింగిల్ ఫేజు వోల్టేజీ 400 దాకా పోవచ్చు, ఓవర్ వోల్టేజీ కటాఫ్ తప్పనిసరి.

సాకెట్ల పని:
ఇంట్లో వాడే మూడు పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్ పెట్టకండి. గంటలకొద్దీ 14 ఆంపియర్లు లాగితే వదులైన పిన్ను దగ్గర వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. బళ్లకు నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్, కార్లకు టైప్ 2 అనే ఈవీ సాకెట్. కేబుల్ పెట్టెకి వేలాడదీయకండి, రాగి కోసం కోసుకుపోతారు. ఎవరి కేబుల్ వాళ్లే తెచ్చుకోవాలి.

ఇంకోటి: స్తంభం ప్రహరీ వైపు ఉంటే కేబుల్ నడిచే దారికి అడ్డం పడుతుంది. రోడ్డు అంచున ఉన్న స్తంభాలనే ఎంచుకోండి.