రెండు మానిటర్ల మధ్య మౌస్ పాయింటర్ ఆగిపోతోంది, ఎలా సరిచేయాలి?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పాఠం దిద్దే పని కోసం రెండు మానిటర్లు పెట్టుకున్నాను. ఎడమవైపు 27 అంగుళాల 4కె మానిటర్‌లో స్కాన్ చేసిన పుటను పెద్దదిగా చూస్తూ, కుడివైపు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో పాఠాన్ని సరిచేస్తుంటాను. పుట అడుగున ఉన్న వరుసలు చదివి పాయింటర్‌ను కుడివైపుకు జరిపితే, అది గోడకు తగిలినట్టు తెర అంచున ఆగిపోతుంది. సగం పైకి తీసుకెళ్లి నెడితే తప్ప దాటదు. నాది విండోస్ 11. స్కేలును 150 నుంచి 200 శాతానికి మార్చాను, మౌస్ వేగం పెంచాను, అయినా ఫలితం లేదు. రెండు మానిటర్లూ దాదాపు ఒకే ఎత్తున ఉండగా ఈ అడ్డు ఎక్కడిది? దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
నమస్కారమండీ. మీ కంటికి ఆ రెండూ ఒకే ఎత్తున్నా, విండోస్ వాటిని సెంటీమీటర్లలో కాక పిక్సెళ్లలో, అంటే తెర మీద బొమ్మను కూర్చే చుక్కల్లో, కొలుస్తుంది. మీ 4కె తెర నిలువున 2160 పిక్సెళ్లు, రెండోది 1080 మాత్రమే. అంటే విండోస్ లెక్కలో కుడివైపు తెర ఎడమవైపు దానిలో సగమే. పై అంచులు కలిపి అమర్చి ఉంటే 4కె తెర కింది సగానికి, అంటే సుమారు 17 సెంటీమీటర్ల మేర, పక్కన తెరే లేదు కాబట్టి పాయింటర్‌కు దారి ఉండదు. స్కేలు మార్చితే అక్షరాలూ బొమ్మలూ పెద్దవవుతాయే గాని అంచున ఉన్న పిక్సెళ్ల సంఖ్య మారదు, అందువల్లనే మీ ప్రయత్నం ఫలించలేదు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే తెరిచి, మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద తెరల మధ్య పాయింటర్ కదలికను సులువు చేసే పెట్టె ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. అప్పుడు పాయింటర్ అంచున ఆగదు. అయితే అది అవతల దగ్గరలో ఉన్న మూలకు చేరుతుంది తప్ప, చెయ్యి కదిపిన తిన్నని గీత మీదనే సాగదు. మీలా కన్ను వరుస మీద నిలిపి పని చేసేవారికి ఆ చిన్న గెంతు కూడా ఇబ్బందే. దానికి లిటిల్‌బిగ్‌మౌస్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది తెరల అసలు కొలతలను లెక్కలోకి తీసుకుని, ఇటు ఏ ఎత్తున అంచు దాటితే అటు అదే ఎత్తున పాయింటర్‌ను నిలుపుతుంది. 4కె తెర రిజల్యూషన్‌ను తగ్గించమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి; పాత అచ్చులోని ఒత్తులూ సున్నలూ మసకబారితే మీరు ఆ మానిటర్ కొన్న ప్రయోజనమే పోతుంది.

జవాబు 2:
పై వివరణ సరైనది. మ్యాక్‌లో 4కె తెరను 1920×1080 లాగా కనిపించేటట్టు పెట్టుకుంటే అమరికలోనూ అది అంతే కొలతగా లెక్కకు వస్తుంది కనుక, ఇలాంటి జతతో ఈ చిక్కు రాదు. విండోస్‌లో పాయింటర్ కనిపించకుండా పోతే వెతకడానికి మైక్రోసాఫ్ట్ వారి ఉచిత ప్రోగ్రామ్ పవర్‌టాయ్స్ ఉపయోగపడుతుంది. ఎడమ కంట్రోల్ కీని రెండుసార్లు నొక్కితే తెర చీకటై పాయింటర్ చుట్టూ మాత్రమే వెలుగు నిలుస్తుంది. విండోను అవతలి తెరకు పంపడానికైతే మౌస్‌తో పని లేదు, విండోస్, షిఫ్ట్ కీలతో పాటు బాణం కీ నొక్కితే చాలు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. డిస్‌ప్లే అమరికలో చూస్తే నిజంగానే చిన్న పెట్టె పెద్దదాని పై సగానికే ఆనుకుని ఉంది. ముందుగా సెట్టింగ్స్‌లోని టిక్ పెట్టాను, అడ్డు పోయింది గాని మీరు చెప్పిన గెంతు ఉంది. తరువాత లిటిల్‌బిగ్‌మౌస్ పెట్టి, బల్ల మీద 24 అంగుళాల మానిటర్ రెండు సెంటీమీటర్లు కిందికి ఉన్న సంగతి కూడా అందులో సరిచేశాను. ఇప్పుడు పుట చివరి వరుస మీద నుంచి పాయింటర్‌ను తిన్నగా జరిపితే, అవతల అదే ఎత్తున కనిపిస్తోంది.