చెరువు జీవాల మీద పీహెచ్‌డీ: నెల్లూరులోనే చేయాలా, బయటికి పోవాలా?

పెన్నాగట్టు: మాది కావలి. మా చెల్లెలు ఎమ్మెస్సీ జువాలజీ పూర్తి చేసింది. మంచినీటి చెరువుల్లో ఏ జీవి ఏ జీవితో కలిసి ఎట్లా బతుకుతుందో దాని మీద రీసెర్చ్ చేస్తానంటోంది. రాష్ట్ర పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఆర్సెట్ రాసి నెల్లూరు విక్రమ సింహపురి యూనివర్సిటీలో చేరాలా? దేశమంతటికీ పెట్టే నెట్ పరీక్ష రాసి బయటికి పోవాలా?

చెరువు_మేష్టారు: ఇక్కడే చేర్పించు బాబూ. సోమశిల, కండలేరు, కంభం చెరువు ఉండగా ఇంకెక్కడికి? నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. వాటి రెట్ట నీళ్లలో పడితే నాచు ఎంత పెరుగుతుంది, ఆ నాచును తినే పురుగులు ఎన్ని, వాటిని తినే చేపలు ఎన్ని? ఒక్క థీసిస్‌కు అది చాలు. పక్కనే పులికాట్.

గుండ్లకమ్మ: పులికాట్ ఉప్పుకయ్య సార్. ఆ అమ్మాయి అడిగింది మంచినీళ్లు.

చెరువు_మేష్టారు: వానాకాలంలో కాళంగి, ఆరణి నదులు కలిశాక రుచి చూశావా తల్లీ?

సూళ్లూరుపేట_సీను: నేలపట్టు 2022లోనే తిరుపతి జిల్లాకు పోయింది సార్ 😀

ఆక్వా_ముత్తుకూరు: చేపల కోసం వేలం పాడిన సొసైటీ వాళ్లు చెరువులో వల వేయనిస్తారా? ముందు అది కనుక్కోండి.

గుండ్లకమ్మ: నేను ఇక్కడే చేశాను, అందుకే చెబుతున్నా. నెలనెలా సీసాలో నీళ్లు పట్టుకురావడం, పీహెచ్, ఆక్సిజన్, ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సన్న జీవులు) పట్టిక నింపడం. అదే థీసిస్. జిలేబీ చేప (తిలాపియా) ఉన్న కుంటనూ లేని కుంటనూ పోల్చి చూస్తానంటే గైడు "పట్టిక నింపమ్మా" అన్నారు. బస్సు చార్జీలు కూడా మా నాన్నవే. ఆర్సెట్ సీటు ఇస్తుంది, డబ్బు ఇవ్వదు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37 వేలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే 42 వేలు.

సూళ్లూరుపేట_సీను: జేఆర్‌ఎఫ్ ఉంటే ఇక్కడ కూడా చేరొచ్చు కదక్కా?

చెరువు_మేష్టారు: అదే నేనూ అడుగుతున్నా. అందరూ పోతే మన చెరువుల గురించి రాసేదెవరు? బయటివాళ్లు వచ్చి నాలుగు సీసాలు నింపుకుని పోతారు. బొచ్చెకూ శీలావతికీ తేడా తెలియదు.

గుండ్లకమ్మ: ఆ నాలుగు సీసాలతో వాళ్లు ఒక ప్రశ్నకు జవాబు రాస్తారు సార్. అన్ని తొట్లలో ఒకే చెరువు నీళ్లు పోసి, సగం తొట్లలో చేపపిల్లల్ని వదులుతారు. చేప డాఫ్నియా అనే సన్న నీటిజీవిని తినేస్తే నాచును మేసేది లేక నీళ్లు పచ్చబడతాయి. మిగతా సగం తేటగా ఉంటే కారణం చేపే అని తేలుతుంది. మీ పట్టికలో అది ఏ గడిలో ఉంది?

చెరువు_మేష్టారు: పట్టికంటే అంత చులకనా! జిలేబీ 1952లో మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన కుంటల్లో ఏమున్నాయో ఎవరైనా పట్టిక రాసి పెట్టి ఉంటే ఈరోజు పోల్చుకునేదానివి. లేదనే కదా నీ గోల?

గుండ్లకమ్మ: పట్టిక వద్దనలేదు. పట్టిక దగ్గరే ఆపేసి పట్టా ఇవ్వడం తప్పంటున్నా. మీ స్టూడెంట్లతో ఒక్క ప్రయోగం చేయించారా?

చెరువు_మేష్టారు: డిపార్ట్‌మెంటు మొత్తానికి ఒకే మైక్రోస్కోపు. తొట్లు ఎవరు కొనిస్తారు, మీ నాన్నా? పట్టికే చేయించాను, ఎందుకంటే చేతిలో ఉన్నది అదే.

గుండ్లకమ్మ: ఆ ముక్క ఎంత అడిగినా మా గైడు చెప్పలేదు సార్. అందుకే పిల్లను బయటికి పొమ్మంటున్నా.

పెన్నాగట్టు: చెల్లెలు అంతా చదివింది. నెట్ రాస్తుందట. బయట చేరి మన చెరువుల మీదే పని చేయొచ్చా అని అడుగుతోంది.

గుండ్లకమ్మ: గైడు ఒప్పుకుంటే చేయొచ్చు. చేరకముందే మెయిల్ పెట్టి అడగమను.

చెరువు_మేష్టారు: మెయిల్‌లో మార్కులు కాదు, ఏ చెరువు, ఏ ప్రశ్న అనేది రాయమను. కంభం పేరు రాస్తే ఇంకా మంచిది.