అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్: ఒక్క ఓటమితో ఇంటికి పంపడం సబబేనా?

హనుమకొండ విద్యార్థి: కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని మా కళాశాల జట్టులో ఆడుతున్నాను. అమెరికా కళాశాలల క్రీడా సంఘమైన ఎన్‌సీఏఏ మార్చిలో నిర్వహించే పురుషుల టోర్నమెంటుకు జట్లను ఎలా ఎంపిక చేస్తారు? ఏడాదంతా గెలిచిన జట్టు ఒక్కరోజు తడబడితే వెళ్లిపోవలసిందేనా?

కాజీపేట పాఠకుడు: 1939లో ఎనిమిది జట్లతో మొదలైన ఈ పోటీ 1985లో 64 జట్లకు, 2011లో 68 జట్లకు విస్తరించింది. తమ కాన్ఫరెన్సులో (తమలో తాము పోటీపడే కళాశాలల సమూహంలో) విజేతలైన జట్లకు నేరుగా ప్రవేశం లభిస్తుంది; మిగిలినవాటిని ఎంపిక సంఘం సీజన్ ఫలితాలను, ప్రత్యర్థుల బలాన్ని బేరీజు వేసి తీసుకుంటుంది. జట్లను నాలుగు ప్రాంతాలుగా విభజించి, ఒక్కోదానిలో 1 నుంచి 16 వరకు ర్యాంకులిచ్చి, మొదటి జట్టుకు పదహారో జట్టును ఎదురు నిలుపుతారు. బలవంతులకు ఇచ్చే రక్షణ అంతే.

కరీంనగర్ మాజీ ఆటగాడు: ఆ రక్షణ కూడా ఒక్కోసారి చాలదు. 2018లో అగ్రస్థానపు వర్జీనియాను పదహారో ర్యాంకు యూఎంబీసీ (మేరీలాండ్ విశ్వవిద్యాలయం, బాల్టిమోర్ కౌంటీ) 74-54తో ఓడించింది. పురుషుల పోటీలో అటువంటిది అదే మొదటిసారి. అయితే మరుసటి ఏడాది వర్జీనియాయే విజేత! ఉత్తమ జట్టును తేల్చడానికి లీగే మేలని నా అభిప్రాయం. కానీ లీగులో ఈ ఉత్కంఠ ఉండదు.

జగిత్యాల శిక్షకుడు: విద్యార్థి గారూ, అక్కడి పురుషుల ఆట ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు, ఒక్కో దాడిలో బంతిని బుట్టకు విసరడానికి 30 సెకన్లు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నియమాల ప్రకారం మనకున్నవి 24 సెకన్లే కనుక, వారి నిదానపు ఎత్తుగడలను యథాతథంగా అనుకరించకండి.